బడి కమిటీ చేతిలో మూడు పనులు



ఉన్నత పాఠశాల కమిటీ అనగానే మనలో చాలామందికి గుర్తుకు వచ్చేవి కాంపౌండు గోడ, మరుగుదొడ్ల మరమ్మతు, జెండా పండుగ నాటి మిఠాయి. ఇవన్నీ కావలసినవే. కానీ బడి ఉన్నది పిల్లల చదువు కోసం. ఆ చదువు సాగుతున్నదా లేదా అని చూడడానికి కమిటీ ముఖ్యంగా పట్టించుకోవలసినవి మూడు. పిల్లలు బడికి వస్తున్నారా? వచ్చిన పిల్లవాడి మంచిచెడ్డలు అడిగే ఉపాధ్యాయుడు ఒకరైనా ఉన్నారా? బడిలో ఏ వేళకు ఏ పాఠం జరగాలో అది జరుగుతున్నదా? హాజరు, మార్గదర్శనం, వేళల పట్టిక అనే ఈ మూడింటి గురించి ఈనాటి ప్రసంగంలో మీతో నాలుగు మాటలు చెప్పదలిచాను. నేను కన్నడం, తెలుగు రెండు భాషల్లోనూ పాఠాలు చెప్పే ఉపాధ్యాయుణ్ణి. కమిటీ సమావేశాలలో ఉపాధ్యాయుల తరపున కూర్చున్న అనుభవం కొంత ఉంది.

ముందుగా ఈ కమిటీలు ఎక్కడి నుంచి వచ్చాయో చూద్దాం. మన కర్ణాటకలో డాక్టర్ రాజా రామన్న అధ్యక్షత వహించిన విద్యా కార్యదళం సూచనల తరువాత, 2001లో ప్రభుత్వ ఉత్తర్వుతో శాలాభివృద్ధి, మేలుస్తువారీ సమితులు ఏర్పడ్డాయి. వాడుకలో ఎస్.డి.ఎం.సి. అంటున్నాం. మేలుస్తువారీ అంటే పర్యవేక్షణ. ఆ తరువాత 2009లో పార్లమెంటు బాలల ఉచిత నిర్బంధ విద్యా హక్కు చట్టాన్ని చేసింది. అది 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. ఆ చట్టంలోని 21వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ పాఠశాలల్లో, ప్రభుత్వ సహాయం పొందే పాఠశాలల్లో యాజమాన్య కమిటీ ఉండాలి. సభ్యులలో కనీసం నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులో, పిల్లల సంరక్షకులో అయి ఉండాలి. మొత్తం సభ్యులలో సగం మంది స్త్రీలు ఉండాలి. బలహీన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు వారి సంఖ్యను బట్టి స్థానం ఇవ్వాలి. సహాయం పొందే పాఠశాలల్లో మాత్రం ఈ కమిటీ సలహాలు ఇవ్వడానికే పరిమితం.

ఈ చట్టం వర్తించేది 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు, అంటే ఎనిమిదో తరగతి దాకా. తొమ్మిది, పది తరగతులకు 2009లో మొదలైన రాష్ట్రీయ మాధ్యమిక శిక్షా అభియాన్ కింద వేరుగా కమిటీలు ఏర్పడ్డాయి. 2018లో ఆ పథకం సమగ్ర శిక్షలో కలిసింది. పేర్లు రాష్ట్రాన్ని బట్టి మారుతాయి. హోసూరు వైపు శ్రోతలు దీన్ని పళ్ళి మేలాణ్మై కుళు అంటారు. మహారాష్ట్రలో శాలా వ్యవస్థాపన సమితి, ఒడిశాలో విద్యాలయ పరిచాలనా కమిటీ. పేరు ఏదైనా, అందులో కూర్చునేది మనమే. పిల్లల అమ్మలు, నాన్నలు.

ఇక్కడ మన తెలుగు వాళ్లకు ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. చింతామణి, బాగేపల్లి, పావగడ వంటి తాలూకాల్లో ఇంట్లో మాట్లాడేది తెలుగు, తీర్మానాల పుస్తకం రాసేది కన్నడంలో. సరిహద్దుకు అవతల తమిళంలోనో, ఒడియాలోనో రాస్తారు. కమిటీలో ఉన్న తల్లి చదవలేని భాషలో రాసిన తీర్మానం కింద వేలిముద్రో, సంతకమో పెడుతుంది. కొన్ని చోట్ల ఆమెకు బదులు భర్తే వచ్చి కూర్చుంటాడు. ఇది సరి కాదు. రాజ్యభాషలో రాయడం సక్రమమే. అయితే సంతకాలకు ముందు ప్రతి తీర్మానాన్నీ సభలో తెలుగులో చదివి వినిపించమని అడగండి. అయిదు నిమిషాలు కూడా పట్టదు. తాను దేనికి ఒప్పుకున్నదో తెలిసిన తల్లి వచ్చే నెల సభకు తప్పకుండా వస్తుంది.

ఇక హాజరు సంగతికి వద్దాం.

హాజరు పుస్తకాన్ని మీరు చూసే ఉంటారు. ఎడమ పక్కన పిల్లల పేర్లు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. పైన ఒకటి నుంచి ముప్పై ఒకటి దాకా తేదీలు. ఇప్పుడు కొన్ని చోట్ల ఇదే లెక్క కంప్యూటరులోకి కూడా ఎక్కుతున్నది. పద్ధతి ఏదైనా, ప్రధానోపాధ్యాయులు కమిటీకి సాధారణంగా చెప్పేది అడుగున ఉన్న మొత్తాన్ని. “ఈ నెల సగటు హాజరు 90 శాతం” అంటారు. అందరం తలలూపి తరువాతి అంశానికి పోతాం. ఆ 90 శాతంలో ఏముందో చూడండి. ఒక తరగతిలో 40 మంది ఉన్నారు, రోజూ 36 మంది వస్తున్నారు అనుకుందాం. ఏడాదికి 220 పని దినాలు. పిల్లలంతా తలా 22 రోజులు మానినా సగటు 90 శాతమే. అదే నలుగురు పిల్లలు ఏడాది పొడుగునా బడి ముఖం చూడకపోయినా సగటు 90 శాతమే! మొదటి బడిలో జ్వరాలు, పెళ్లిళ్లు, చుట్టాలు. రెండో బడిలో నలుగురి చదువు ఆగిపోయింది. అడుగున ఉన్న అంకె మాత్రం రెండింటికీ ఒక్కటే.

కాబట్టి కమిటీ సభ్యులకు నేను మొట్టమొదట చెప్పే మాట ఇది. హాజరు పుస్తకాన్ని నిలువుగా కాదు, అడ్డంగా చదవండి. నిలువుగా చదివితే ఒక రోజు సంగతి తెలుస్తుంది. అడ్డంగా, అంటే ఒక పేరు పట్టుకొని నెల పొడుగునా చదివితే, ఒక బిడ్డ సంగతి తెలుస్తుంది.

పదో తరగతి పరీక్షకు కూర్చోవాలంటే 75 శాతం హాజరు ఉండాలన్న నియమం చాలామంది విన్నదే. 220 రోజుల్లో 75 శాతం అంటే 165 రోజులు. అంటే 55 రోజులు మానినా పరీక్షకు అడ్డు లేదు. వారానికి ఆరు రోజుల లెక్కన అది తొమ్మిది వారాలకు పైమాటే. నెలకు నాలుగు రోజులు మానే పిల్లవాడు పది నెలల్లో 40 రోజులు మానుతాడు. నియమం వాడిని పట్టుకోదు. కానీ రోజుకొక గణితం పాఠం చొప్పున వాడు 40 పాఠాలు పోగొట్టుకున్నాడు. నియమం ఉన్నది పరీక్ష కోసం. కమిటీ ఉన్నది పిల్లవాడి కోసం. అందువల్ల 75 శాతం దాకా ఆగకుండా, నెలలో నాలుగు రోజులు దాటి మానిన పిల్లల పేర్లు మాత్రమే విడిగా ఒక కాగితం మీద రాసి తెమ్మని తరగతి ఉపాధ్యాయుణ్ణి అడగాలి. ఆరేడు పేర్ల కంటే ఎక్కువ ఉండవు. వాటి మీద మాట్లాడాలి.

పేరుకు ఎదురుగా ఒక్కటే ప్రశ్న, ఎందుకు? అడ్డంగా చదివితే సగం జవాబు పుస్తకమే చెబుతుంది. వారం వారం ఒకే రోజు మానుతున్నాడంటే ఆ రోజు సంత అయి ఉండవచ్చు. వర్షం కురిసిన వారమంతా రాలేదంటే మధ్యలో వంక పొంగి ఉండవచ్చు. ఉదయం రాక, మధ్యాహ్నం మాత్రం హాజరు ఉంటే బస్సు వేళ చూడాలి.

శిడ్లఘట్ట వైపు ఒక పాఠశాలలో జరిగిన సంగతి చెబుతాను. తొమ్మిదో తరగతి అమ్మాయి. మూడు నెలల హాజరు అడ్డంగా చూస్తే, వచ్చినన్నాళ్లు విడవకుండా వచ్చింది, మధ్యలో ఆరేసి రోజులు వరుసగా లేదు. జబ్బు అయితే అంత లెక్కగా రాదు గదా! ఆరా తీస్తే ఆ ఇంట్లో పట్టు పురుగుల పెంపకం. ఈ పంట ఎరిగిన వాళ్లకు నేను చెప్పనక్కరలేదు. నాలుగో జ్వరం లేచిన తరువాత పురుగు గూడు కట్టే దాకా ఉన్న వారం రోజులు ఇంటిల్లిపాదికీ నిద్ర ఉండదు. ఆకు కోయాలి, వేయాలి, పడకలు తీయాలి, పండిన పురుగును ఏరి చంద్రికల మీద వేయాలి. “ఆ వారం కూలి మనిషిని పెడితే మాకేం మిగుల్తుంది అయ్యవారూ?” అన్నది తల్లి. ఆ మాటలో అబద్ధం లేదు.

కమిటీలో పట్టు రైతులే ముగ్గురున్నారు. వాళ్లే వెళ్లి మాట్లాడారు. ఉపాధ్యాయుడు చెబితే ఉపదేశం అవుతుంది, తోటి రైతు చెబితే లెక్క అవుతుంది. తెల్లవారి ఒక మేత, సాయంత్రం ఒక మేత అమ్మాయి చూసుకోవచ్చు. బడి వేళ మాత్రం బడిదే. పగటి మేతకు పక్క పొలం వాళ్లతో చేబదులు పని మాట్లాడుకున్నారు, ఈ వారం మీకు మేము, వచ్చే పంటకు మాకు మీరు అని. బాలకార్మిక చట్టానికి 2016లో జరిగిన సవరణ కూడా 14 ఏళ్ల లోపు పిల్లలు ఇంటి పనిలో సాయపడేది బడి వేళల తరువాతో, సెలవుల్లోనో మాత్రమే అన్నది. ఆ అమ్మాయి మళ్లీ అసలు మానలేదని నేను అనను. ఆరు రోజులు రెండు రోజులయ్యాయి. ఆ నాలుగు రోజులు తక్కువేమీ కాదు.

అన్ని కారణాలూ ఇంత సులభంగా తేలవు. ఎండు తాలూకాల నుంచి కుటుంబాలు పనికోసం బెంగుళూరు వెళ్తాయి. పిల్లల్ని వెంట తీసుకుపోతాయి. ఇక్కడ పుస్తకంలో ఆ బిడ్డ గైరుహాజరు, అక్కడ ఏ పుస్తకంలోనూ లేడు. విద్యా హక్కు చట్టం 5వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి లోపు పిల్లలు ఇంకొక ప్రభుత్వ పాఠశాలకు మారవచ్చు. బదిలీ పత్రాన్ని ప్రధానోపాధ్యాయులు వెంటనే ఇవ్వాలి. ఆ పత్రం ఆలస్యమైందని కొత్త బడి వాళ్లు చేర్చుకోవడం ఆపరాదు. ఈ సంగతి తెలియక ఏడాది పోగొట్టుకున్న పిల్లలు ఉన్నారు. ఊరు విడిచే ముందు ఆ ఇంటికి ఒక సభ్యుడు వెళ్లి ఈ ఒక్క మాట చెప్పి వస్తే చాలు.

మరొక కారణం ఉంది. పెళ్లి ముహూర్తాల నెలల్లో తొమ్మిదో, పదో తరగతి అమ్మాయి వారం రోజులుగా రాకపోతే, ఆ గైరుహాజరును ఉదాసీనంగా చూడరాదు. 2006 నాటి బాల్య వివాహ నిషేధ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండని అమ్మాయికి పెళ్లి చేయడం నేరం. ఊళ్లో మొహమాటాలు ఉంటాయి, బంధుత్వాలు ఉంటాయి, నిజమే. పేరు చెప్పకుండా కూడా 1098 నంబరుకు ఫోను చేయవచ్చు. ఖర్చు లేదు. అమ్మాయి రాలేదన్న సంగతి ఇంటి బయట అందరికంటే ముందు తెలిసేది హాజరు పుస్తకానికే. మనం దాన్ని చదవకపోతే ఇంకెవరూ చదవరు.

కాబట్టి ఒక వరుస పెట్టుకోండి. ఇది చట్టంలో రాసింది కాదు, అనుభవం మీద కుదిరింది. మూడు రోజులు వరుసగా రాకపోతే తరగతి ఉపాధ్యాయుడు ఇంటికి ఫోను చేయాలి. వారం అయితే ఉపాధ్యాయుడూ, ఆ వీధిలో ఉండే కమిటీ సభ్యుడో సభ్యురాలో కలిసి ఇంటికి వెళ్లాలి. పదిహేను రోజులైతే ఆ పేరు కమిటీ ముందుకు రావాలి. ఎవరు వెళ్లారు, ఏం తెలిసింది, ఏం కుదిరింది అన్నది తీర్మానాల పుస్తకంలో రెండు పంక్తులు పడాలి.

రెండో అంశం మార్గదర్శనం.

ఉన్నత పాఠశాలలో ఒక చిక్కు ఉంది. ప్రాథమిక పాఠశాలలో ఒక తరగతికి ఒక అయ్యవారు. బిడ్డ ముఖం వాడిపోతే ఆయనకు తెలుస్తుంది. హైస్కూలుకు వచ్చేసరికి గణితానికి ఒకరు, విజ్ఞానానికి ఒకరు, భాషలకు ముగ్గురు. అందరూ పిల్లవాణ్ణి చూస్తారు. పిల్లవాడు ఎవరి పూచీ అంటే జవాబు ఉండదు. అందుకే విద్యార్థుల్ని గుంపులుగా ఉపాధ్యాయులకు అప్పగించే పద్ధతి వచ్చింది. మా వైపు దీన్ని దత్తు తీసుకోవడం అంటారు. అయితే చాలా చోట్ల ఇది పదో తరగతికే, అదీ పరీక్షకు మూడు నెలల ముందే మొదలవుతుంది. సంక్రాంతి నాటికి ఎండిపోయిన పైరుకు నీళ్లు పెడితే ఏం లాభం? ఎనిమిదో తరగతిలో బిడ్డ చేరిన నాడే ఒక ఉపాధ్యాయుని చేతిలో పెట్టాలి. మూడేళ్లూ ఆయనే, లేదా ఆమే చూసుకోవాలి.

లెక్క చూద్దాం. 240 మంది విద్యార్థులు, 12 మంది ఉపాధ్యాయులు ఉన్న బడి అనుకోండి. తలా ఇరవై మంది. ఒక్కొక్కరితో వారానికి అయిదు నిమిషాలు మాట్లాడితే వంద నిమిషాలు. అంటే రెండు పీరియడ్లకు పైగా. ఈ కాలాన్ని వేళల పట్టికలో చూపకుండా, “ప్రతి ఉపాధ్యాయుడూ ఇరవై మందికి మార్గదర్శి” అని తీర్మానం చేస్తే అది కాగితం మీదే ఉంటుంది. వారంలో ఒక పీరియడు దీనికే ఉంచి, రెండు వారాలకొక చుట్టు వచ్చేలా చేసుకుంటే పని జరుగుతుంది. కమిటీ అడగవలసింది ఇదే. మార్గదర్శి పీరియడు ఏ రోజు, ఏ వేళ? గత నెలలో ఎన్ని జరిగాయి?

మార్గదర్శి చేసే పని ట్యూషన్ కాదు. పాఠం ఎక్కడ తెగిపోయిందో కనుక్కోవడం, మానిన రోజుల పాఠాలు ఎవరి దగ్గర రాసుకోవాలో చూపడం, ఇంట్లో చదవడానికి దీపం, చోటు, వేళ ఉన్నాయా అని అడగడం. విద్యా హక్కు చట్టం 24వ సెక్షన్ ఉపాధ్యాయుల విధులు చెబుతూ, తల్లిదండ్రుల్ని తరచుగా కలిసి పిల్లల హాజరు, నేర్చుకునే శక్తి, పురోగతి తెలపాలన్నది. మన పల్లెల్లో ఈ కలయికలు మార్కుల పత్రం మీద సంతకంతో ముగిసిపోతాయి. చదువు రాని తల్లికి ఆ అంకెలేం చెబుతాయి? “అమ్మా, మీవాడికి లెక్కల్లో భిన్నాలు పట్టుబడలేదు, మిగతావి బాగానే ఉన్నాయి. ఈ నెల రోజులు పొద్దున అరగంట ముందు పంపండి” అని తెలుగులో చెబితే ఆమె చేయవలసింది ఆమెకు తెలుస్తుంది.

ఒక జాగ్రత్త. మార్గదర్శి దగ్గర పిల్లలు ఇంటి సంగతులు చెప్పుకుంటారు. తండ్రి తాగుడు, అప్పులు, భయాలు. ఆ నోటు పుస్తకం కమిటీ ముందుకు రారాదు. కమిటీలో ఉన్నది అదే ఊరి మనుషులు. మాట బయటికి పొక్కితే ఆ బిడ్డ మళ్లీ నోరు విప్పదు. ఎందరితో మాట్లాడారు, ఎందరి ఇళ్లకు వెళ్లారు, కమిటీ సాయం ఎవరికి కావాలి అన్న మూడు సంగతులు తెలిస్తే కమిటీకి చాలు. బిడ్డకు ప్రమాదం ఉందని తోస్తే మాత్రం దాచరాదు. ప్రధానోపాధ్యాయులకు, అవసరమైతే 1098కు చెప్పాలి.

మూడోది వేళల పట్టిక.

ఇది ప్రధానోపాధ్యాయుల గదిలో గోడకు అంటించిన కాగితం, మనకెందుకు అనుకుంటాం. చట్టం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఏడాదికి కనీసం 220 పని దినాలు, 1000 బోధన గంటలు ఉండాలన్నది. అంటే రోజుకు నాలుగున్నర గంటలకు కొంచెం పైగా నికరమైన బోధన. ప్రార్థన, భోజనం దీనికి అదనం. జయంతులు, ఆటల పోటీలు, వార్షికోత్సవం సాధన, శిక్షణలకు వెళ్లిన ఉపాధ్యాయుల ఖాళీలు అన్నీ ఈ గంటల్లోంచే పోతాయి. గోడ మీద కాగితం వారానికి ఆరు గణితం పీరియడ్లు చూపిస్తుంది. జరిగినవి ఎన్ని? నెలకొకసారి ఈ ఒక్క లెక్క అడగండి, రాసినవి ఎన్ని, జరిగినవి ఎన్ని అని. ఉపాధ్యాయుణ్ణి తప్పు పట్టడానికి కాదు. ఖాళీ ఉద్యోగం నింపమని పై అధికారులకు రాసేటప్పుడు ఈ అంకెలే కమిటీకి బలం. జనాభా లెక్కలు, ఎన్నికలు, విపత్తు సహాయం తప్ప ఇతర పనులకు ఉపాధ్యాయుల్ని పంపరాదని 27వ సెక్షన్ చెబుతున్నది. అది జరగకుండా చూడడం కూడా కమిటీ పనే.

ఏ పాఠం ఏ వేళకు పెట్టాలన్నది ఇంకొక సంగతి. బడి పది గంటలకు, మూడు పల్లెల పిల్లలు ఎక్కే బస్సు వచ్చేది పది ఇరవైకి అనుకోండి. మొదటి పీరియడు ఎప్పుడూ గణితమే అయితే ఆ మూడు పల్లెల పిల్లలకు గణితం ఎప్పుడూ సగమే. తరువాత పరీక్షల్లో ఆ పల్లెల పిల్లలు వెనకబడితే “ఆ ఊరి వాళ్లకు చదువు అబ్బదు” అంటాం! కమిటీ ఇక్కడ రెండు పనులు చేయవచ్చు. బస్సు వేళ మార్చమని తీర్మానం జతచేసి డిపో మేనేజరుకు రాయడం ఒకటి. అది తేలేదాకా మొదటి పీరియడులో వారం వారం వేరు వేరు విషయాలు వచ్చేలా చూడమని ప్రధానోపాధ్యాయుల్ని కోరడం రెండవది.

మన తెలుగు పీరియడు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కర్ణాటకలో పదో తరగతిలో తెలుగును ప్రథమ భాషగా తీసుకునే వీలుంది. అయితే తెలుగు తీసుకున్న పిల్లలు తరగతిలో కొందరే. మిగతావారు కన్నడం పాఠానికి కూర్చున్నప్పుడే వీళ్లు తెలుగు పాఠానికి వేరే గదికి పోవాలి. ఒక్క తెలుగు ఉపాధ్యాయుడు మూడు తరగతులకూ చెప్పాలి. అందువల్ల మూడు తరగతుల ప్రథమ భాష పీరియడ్లూ వేరు వేరు వేళల్లో పడాలి. పట్టిక వేసేటప్పుడు ఈ సంగతి మరిచిపోతే ఏమవుతుందో తెలుసా? తెలుగు చివరి పీరియడుకో, ఆటల పీరియడుకో, బడి మొదలు కాకముందుకో జరుగుతుంది. బస్సు పిల్లలు వెళ్లిపోతారు, ఆటలు పోయినవాడు తెలుగును తిట్టుకుంటాడు. హాజరు పలచబడుతుంది. మరుసటి ఏడు తెలుగు తీసుకునే వాళ్లు తగ్గుతారు. పిల్లలు తగ్గితే ఉపాధ్యాయుని ఉద్యోగం నిలవదు. ఎవరూ తెలుగును తీసివేయలేదు. వేళల పట్టికలో దానికి సరైన చోటు దొరకలేదు, అంతే. జూన్‌లో పట్టిక వేసే వారం కమిటీలోని తెలుగు తల్లిదండ్రులు ఒక్కసారి వెళ్లి ఆ కాగితం చూసి రావాలి. ఆగస్టులో అడిగితే అన్నీ కదిలించాలి, ఎవరూ ఒప్పుకోరు.

ఇన్ని చేయవచ్చన్నాను గనుక, చేయరానివి కూడా చెప్పాలి. పాఠం ఎలా చెప్పాలో ఉపాధ్యాయునికి నేర్పడం కమిటీ పని కాదు. తరగతి జరుగుతుండగా లోపలికి వెళ్లి ప్రశ్నలు వేయరాదు. పడిన హాజరును దిద్దమని, పడనిది వేయమని అడగరాదు. పరీక్షకు కూర్చోబెట్టడానికి చేసే ఆ ఉపకారం బిడ్డకు అపకారమే. మానిన పిల్లల పేర్లు ప్రార్థన వేళ చదివి సిగ్గుపరచరాదు. శారీరక దండననే కాదు, మానసిక వేధింపును కూడా చట్టంలోని 17వ సెక్షన్ నిషేధించింది. ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లనూ, పిల్లవాణ్ణీ బడి నుంచి తీసివేయరాదని 16వ సెక్షన్ చెబుతున్నది. “రాకపోతే పేరు కొట్టేస్తాం” అన్న బెదిరింపు ఆ తరగతుల్లో చెల్లదు.

ఇవన్నీ మాట్లాడడానికి వేళ ఎక్కడిది అంటారేమో. గంటన్నర చాలు. కిందటి తీర్మానాల్లో ఏవి జరిగాయో చూడడానికి పది నిమిషాలు. హాజరుకు ఇరవై అయిదు. మార్గదర్శనానికి పదిహేను. వేళల పట్టికకు ఇరవై. మిగిలిన ఇరవై నిమిషాల్లో గోడ, నీళ్లు, డబ్బు లెక్కలు. సభ పెట్టే రోజు కూడా ముఖ్యం. కూలికి పోయే తల్లి పగటి పూట సభకు రావాలంటే ఒక రోజు కూలి పోగొట్టుకోవాలి. సాయంత్రం వేళ పెట్టండి, సంత రోజున పెట్టకండి, వారం ముందు కబురు చేయండి.

శ్రోతలారా, మీలో కమిటీ సభ్యులు ఉండవచ్చు, లేకపోవచ్చు. బడికి బిడ్డను పంపే ప్రతి ఇంటికీ ఈ సంగతులు అడిగే హక్కు ఉంది. మీ వీధి నుంచి కమిటీలో ఎవరున్నారో కనుక్కోండి. వచ్చే సభకు ముందు ఆయనకో, ఆమెకో ఒక్క మాట చెప్పండి. ఈసారి హాజరు పుస్తకం తెప్పించి, మానుతున్న ఒక్క బిడ్డ పేరు మీద వేలు పెట్టి, నెల పొడుగునా అడ్డంగా చదవమని. ఆ తరువాత అడగవలసింది ఏమిటో వారికే తోస్తుంది.